జాంగో, నాలుగేళ్ళు వాడాక: ఐదుకి నాలుగు

జాంగో అంటే పైథాన్‌లో వెబ్ అప్లికేషన్లు కట్టడానికి వాడే ఫ్రేమ్‌వర్క్, అంటే పునాది పనులు ముందే చేసిపెట్టిన కోడ్. రేటింగ్ ముందే ఇచ్చేస్తున్నా, చివరిదాకా స్క్రోల్ చేసే పని లేకుండా. ఐదుకి నాలుగు. పోయిన ఆ ఒక్కటి ఎందుకు పోయిందో చెప్పడానికే కింద ఎక్కువ రాశాను. మంచి సంగతులు ఎలాగూ డాక్యుమెంటేషన్ మొదటి పేజీలోనే ఉంటాయి.

ముందు మేమెవరమో చెప్పాలి, అది తెలియకుండా ఏ ఫ్రేమ్‌వర్క్ రివ్యూ చదివినా దండగే. ఏడుగురం. నలుగురికి పైథాన్ బాగా వచ్చు, ఇద్దరు జావాస్క్రిప్ట్ మనుషులు, ఒకాయన పీహెచ్‌పీలో పదేళ్ళు పనిచేసి వచ్చారు. చేయాల్సింది ఆర్డర్లు, స్టాకు, బిల్లులు చూసుకునే అప్లికేషన్. లక్షల మంది ఒకేసారి వచ్చి పడే సైట్ కాదు, రెండు మూడు వందల మంది పొద్దున్నుంచి సాయంత్రం దాకా తెరిచి పెట్టుకుని పనిచేసేది. ఫారాలు, లిస్టులు, ఫిల్టర్లు, ఎవరికేది కనపడాలి ఎవరికేది కనపడకూడదు అనే గొడవ, నెలాఖరు రిపోర్టులు. మీరు కట్టేది చాట్ యాప్ అయితే, బొమ్మలు గీసే స్క్రీన్ లాంటిదైతే, ఇందులో సగమే మీకు పనికొస్తుంది.

దీనికి ముందు ఇలాంటిదే ఒక చిన్న సిస్టమ్ ఎక్స్‌ప్రెస్ అనే జావాస్క్రిప్ట్ ఫ్రేమ్‌వర్క్ మీద రాసుకున్నాం. ఎక్స్‌ప్రెస్‌ని తిట్టడానికి చెప్పట్లేదు. రిక్వెస్ట్ వస్తే ఏ ఫంక్షన్‌కి పంపాలో చూస్తుంది, మధ్యలో మిడిల్‌వేర్ (రిక్వెస్ట్ దారిలో నడిచే కోడ్) తగిలించుకోనిస్తుంది, మిగతాదంతా మీ ఇష్టం అంటుంది. చెప్పిన పని చెప్పినట్టే చేసింది పాపం. మాకు ఏడు ఇష్టాలున్నాయి, అదీ గొడవ. రెండేళ్ళకి ఆ కోడ్‌లో హెల్పర్స్ అని ఒక ఫోల్డర్, యుటిల్స్ అని ఒకటి, కామన్ అని ఇంకొకటి తయారయ్యాయి. తేదీని ఫార్మాట్ చేసే ఫంక్షన్ మూడింటిలోనూ ఉంది. మూడూ ఒకేలా ఉన్నా బాధ లేదు, ఒకదాంట్లో నెల ముందొస్తుంది. ఒకరు ఓఆర్ఎం (మామూలు కోడ్ నుంచే డేటాబేస్‌తో మాట్లాడించే లైబ్రరీ) వాడితే పక్కవాళ్ళు నేరుగా డేటాబేస్ భాష ఎస్‌క్యూఎల్ రాశారు, వాలిడేషన్‌కి (నింపింది సరిగ్గా ఉందా అనే తనిఖీకి) రెండు లైబ్రరీలు, ఎర్రర్ వస్తే ఏం తిరిగి పంపాలన్నది ఆ రోజు ఎవరి మూడ్ ఎలా ఉంటే అలా. కోడ్ రివ్యూల్లో బగ్గుల కంటే ఫోల్డర్ల గురించే ఎక్కువ వాదించుకున్నాం. అప్పుడు తెలిసొచ్చింది మాకు కావాల్సింది స్పీడూ కాదు, ఫీచర్లూ కాదు, మా బదులు చిల్లర నిర్ణయాలన్నీ తీసేసుకుని "ఇదింతే, పోయి పని చూసుకోండి" అనే పెద్దమనిషి అని.

2021లో కొత్త సిస్టమ్ మొదలుపెట్టేటప్పుడు ఎంపిక మొదటిసారి తప్పుగానే చేశాం. అందరూ చేసేదే, ఒక స్ప్రెడ్‌షీట్. అడ్డంగా ఫ్రేమ్‌వర్కులు, నిలువుగా పద్నాలుగు గుణాలు, ఒక్కోదానికి వెయిటేజి. గిట్‌హబ్ స్టార్లు, ఉద్యోగ ప్రకటనలు, నేర్చుకోవడం ఎంత సులువు, ఇలా. కాకి పిల్ల కాకికి ముద్దు కాబట్టి ఎవరికి వాళ్ళు తమ ఫ్రేమ్‌వర్క్ పైకి వచ్చేదాకా వెయిటేజీలు సర్దుకుంటూ పోయారు. ఒకతను ఫ్రేమ్‌వర్కుల వేగం కొలిచే టెక్ఎంపవర్ బెంచ్‌మార్కులు పట్టుకొచ్చాడు (2013లో మొదలైనవి, చూడదగ్గవే), సెకనుకి ఎన్ని జేసన్ రెస్పాన్సులు పంపగలదో చూపించి, "జాంగో అడుక్కి ఎక్కడో ఉంది" అన్నాడు. నిజమే, ఉంది. కానీ మా పాత సిస్టమ్‌లో నెమ్మదిగా ఉన్న పేజీలన్నీ తీసి చూస్తే ఒక్కటి కూడా ఫ్రేమ్‌వర్క్ వల్ల నెమ్మదించింది కాదు, అన్నీ ఇండెక్స్ లేని టేబుళ్ళు, అవసరానికి పది రెట్లు డేటా లాగే క్వెరీలు (డేటాబేస్‌ని అడిగే ప్రశ్నలు). ఆ స్ప్రెడ్‌షీట్ ఇంకా డ్రైవ్‌లో ఎక్కడో ఉంది, ఎవరూ తెరవరు.

రెండోసారి చేసింది మాత్రం గర్వంగా చెప్పుకుంటాను. ముగ్గురిని కూర్చోబెట్టి, మూడు రోజులిచ్చి, ఒకే చిన్న పనిని జాంగోలో ఒకరు, లారావెల్‌లో (పీహెచ్‌పీది) ఒకరు, నెక్స్ట్‌లో (Next.js, జావాస్క్రిప్ట్‌ది) ఒకరు చేయమన్నాం. టూడూ లిస్టు కాదు, అది ఎందులో చేసినా ముచ్చటగానే ఉంటుంది. లాగిన్, రెండు రకాల యూజర్లు, ఆర్డర్ల లిస్టు, దానికి ఫిల్టరు, ఒక ఫైల్ అప్‌లోడ్, సీఎస్‌వీ ఎక్స్‌పోర్టు. మూడు రోజుల్లో ముగ్గురూ చేసేశారు. దాన్నిబట్టి నిర్ణయించేస్తే మళ్ళీ తప్పు చేసేవాళ్ళమే, ఎందుకంటే తెలిసినవాడు దేంట్లోనైనా మూడు రోజుల్లో చేస్తాడు. అసలు పరీక్ష నాలుగో రోజు. ఒకరి కోడ్ ఇంకొకరికి, అదీ ఆ భాష పెద్దగా రానివాళ్ళకి ఇచ్చి, ఒక మార్పు అడిగాం: ఆర్డర్‌కి హోల్డ్ అనే కొత్త స్థితి పెట్టాలి, హోల్డ్‌లో పెట్టే అధికారం సూపర్‌వైజర్‌కే ఉండాలి, లిస్టులో దానికి ఫిల్టర్ రావాలి. రాసినవాడు పక్కన కూర్చుంటాడు, కానీ అడిగితే తప్ప నోరు తెరవడు. అడిగిన ప్రతిసారీ కాగితం మీద ఒక గీత.

జాంగో కోడ్‌ని మా జావాస్క్రిప్ట్ కుర్రాడికిచ్చాం. మోడల్స్ ఫైల్ (డేటా ఏ ఆకారంలో ఉండాలో రాసేది) తెరిచాడు, స్థితుల జాబితా కనపడింది, ఒకటి చేర్చాడు. మైగ్రేషన్ (ఆ మార్పుని డేటాబేస్‌లోకి తీసుకెళ్ళే ఫైల్) ఎలా తయారవుతుందో గూగుల్ చేసి కనుక్కున్నాడు, పర్మిషన్ ఎక్కడ చూస్తుందో వ్యూలో (రిక్వెస్ట్‌కి జవాబు తయారుచేసే కోడ్‌లో) దొరికింది. సాయంత్రానికి అయిపోయింది, రెండే గీతలు. లారావెల్ కోడ్ పైథాన్ అమ్మాయికి వెళ్ళింది, ఆమెకీ ఇంచుమించు అంతే పట్టింది, మూడు గీతలు. నెక్స్ట్ కోడ్‌కి పదకొండు గీతలు పడ్డాయి. ఇక్కడ న్యాయంగా మాట్లాడాలి. ఆ ప్రశ్నల్లో నెక్స్ట్ గురించి ఉన్నవి రెండో మూడో, మిగతావన్నీ రాసినాయన తనంతట తాను ఎంచుకున్న లాగిన్ లైబ్రరీ, డేటాబేస్ లైబ్రరీ, వాటిని కలపడానికి రాసుకున్న అతుకుల కోడ్ గురించి. నెక్స్ట్ ఆ పనులు తన నెత్తిన వేసుకోదు. మాకేమో సరిగ్గా ఆ పనులే ఎవరో ఒకరు నెత్తిన వేసుకోవాలి.

రూబీ భాషలోని రైల్స్ ఎందుకు చూడలేదంటారా, చూశాం, ఒక పూట. 2004లో బేస్‌క్యాంప్ కోడ్ నుంచి విడదీసి తెచ్చిన ఫ్రేమ్‌వర్క్ అది, గిట్‌హబ్, షాపిఫై దాని మీదే పెరిగాయి, ఈ "మేం చెప్పినట్టు చెయ్యండి, కాన్ఫిగరేషన్ రాయక్కర్లేదు" అనే పద్ధతిని వెబ్‌లో అందరికీ అలవాటు చేసింది కూడా అదే. మాలో రూబీ వచ్చినవాళ్ళు సున్నా. స్ప్రింగ్ బూట్‌దీ అదే కథ, జావా వచ్చినవాళ్ళు లేరు. మా టీమ్‌కి ఆ రెండూ అక్కడితో సరి.

జాంగోకీ లారావెల్‌కీ మధ్య ఏం చూసి తేల్చామని అడిగితే, నలుగురికి పైథాన్ వచ్చు, ఒక్కరికే పీహెచ్‌పీ వచ్చు. అంతే, ఇందులో సైన్స్ ఏమీ లేదు. మీ టీమ్‌లో ఆ లెక్క తిరగబడితే లారావెల్ తీసుకోండి, ఈ రివ్యూలో ముప్పావు భాగం దానికీ వర్తిస్తుంది.

ఇక వాడకం. జాంగో గురించి అందరూ మొదట చెప్పేది అడ్మిన్, నేనూ అదే చెప్తాను. మోడల్ రాసి రెండు లైన్లలో రిజిస్టర్ చేస్తే, వెతకడం, చేర్చడం, మార్చడం, తీసెయ్యడం, ఎవరు ఎప్పుడు మార్చారో చరిత్ర, అన్నీ ఉన్న స్క్రీన్లు వచ్చేస్తాయి. అది అంత బాగా ఎందుకుందంటే పుట్టిన చోటు అలాంటిది. 2003 ప్రాంతంలో అమెరికాలోని కాన్సస్‌లో లారెన్స్ జర్నల్-వరల్డ్ అనే పత్రిక వెబ్ విభాగంలో ఏడ్రియన్ హొలొవాటీ, సైమన్ విల్లిసన్ దీన్ని మొదలుపెట్టారు. పొద్దున ఎవరో ఏదో కావాలంటారు, సాయంత్రానికి సైట్‌లో ఉండాలి, సమాచారం ఎక్కించేది మాత్రం ప్రోగ్రామర్లు కాదు, పత్రిక మనుషులు. అలాంటి చోట ప్రతి దానికీ కూర్చుని స్క్రీన్లు రాయడం కుదరదు కదా. 2005 జూలైలో బయటి ప్రపంచానికి విడుదల చేశారు, జాంగో రైన్‌హార్ట్ అనే గిటారిస్టు పేరు పెట్టారు. (ఇంగ్లీషు స్పెల్లింగ్ చూసి మా పీహెచ్‌పీ ఆయన ఏడాదిపాటు డీజాంగో అనే అన్నారు, ఎవరం సరిదిద్దలేదు.)

మాకు మొదటి నాలుగు నెలలు వేరే స్క్రీన్లే లేవు, ఆఫీసు మొత్తం అడ్మిన్ మీదే నడిచింది. అదే తర్వాత మెడకి చుట్టుకుంది కూడా. అడ్మిన్ మాలాంటి నమ్మకమైన లోపలి మనుషుల కోసం. దాన్నే కాస్త సాగదీసి, ఒక బటన్ చేర్చి, ఇంకో రంగు మార్చి, చివరికి అందరికీ అదే అప్లికేషన్ అని ఇచ్చేశాం. ఆరు నెలలకి అడ్మిన్ క్లాసుల్లో ఓవర్‌రైడ్లే వందల లైన్లు. మామూలు వ్యూ రాసి ఉంటే అందులో సగం పని. రెండోసారి ఎవరైనా "దీన్ని అడ్మిన్‌లోనే కొంచెం మారుద్దాం" అంటే ఆగిపోండి, విడిగా స్క్రీన్ రాసేయండి.

మైగ్రేషన్లకి మాత్రం పూర్తి మార్కులు. 1.7 వెర్షన్‌తో (2014) ఇవి జాంగో లోపలికే వచ్చాయి, అంతకుముందు సౌత్ అనే బయటి ప్యాకేజీతో నెట్టుకొచ్చేవారు. మోడల్ మార్చండి, కమాండ్ కొట్టండి, డేటాబేస్‌లో ఏం మారాలో ఫైల్ రాసిపెడుతుంది, ఆ ఫైల్ గిట్‌లోకి వెళ్తుంది, పక్కవాడి మెషీన్‌లో అదే వరుసలో నడుస్తుంది. ఇద్దరు ఒకే రోజు వేరే వేరే బ్రాంచిల్లో పద్నాలుగో నంబర్ మైగ్రేషన్ తయారు చేస్తే? రెండూ కలిశాక జాంగో ముందుకు కదలదు, రెండు కొసలున్నాయి, తేల్చుకోండి అంటుంది. "అన్నా, నీది కూడా పద్నాలుగేనా?" అని వారానికి ఒకసారైనా వినపడేది. మెర్జ్ ఆప్షన్ ఇస్తే తనే కలిపే ఫైల్ రాస్తుంది, కాకపోతే ఇద్దరూ ఒకే కాలమ్‌ని ముట్టుకుని ఉంటే మనిషి కూర్చుని చూడాల్సిందే. నాకు నచ్చింది ఏంటంటే గొడవ మా ల్యాప్‌టాప్‌లోనే బయటపడుతుంది, లైవ్‌లో కాదు.

సెక్యూరిటీ విషయంలో ఫ్రేమ్‌వర్క్ మనకంటే జాగ్రత్తగా ఉండటం ఎంత హాయో వాడితే కానీ తెలియదు. పేజీ టెంప్లేట్‌లో పడే ప్రతి విలువా దానంతటదే ఎస్కేప్ అవుతుంది (ఎవరైనా అందులో కోడ్ పెట్టినా నడవదు), ఫారాలకి సీఎస్‌ఆర్‌ఎఫ్ టోకెన్ (వేరే సైట్ మన పేరుతో ఫారం పంపకుండా ఆపేది), పాస్‌వర్డులకి హ్యాషింగ్ (అసలు పాస్‌వర్డ్ తిరిగి చదవలేకుండా మార్చడం), ఓఆర్ఎం ద్వారా వెళ్ళే క్వెరీలకి పారామీటర్లు (యూజర్ ఇచ్చిన విలువ ఎస్‌క్యూఎల్‌లో కలిసిపోకుండా). పాత సిస్టమ్‌లో వీటిలో రెండు పెట్టడం మర్చిపోయామని ఇక్కడికొచ్చాకే తెలిసింది. అలాగని జాంగోకి కన్నాలు పడవని కాదు, సెక్యూరిటీ రిలీజులు తరచూ వస్తూనే ఉంటాయి, 2025లో ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్‌కి (బయటివాళ్ళు మన డేటాబేస్‌లో తమ ఆదేశాలు నడపడానికి) దారిచ్చేవి కూడా దొరికాయి. అదే ఏడాది నెక్స్ట్‌లో మార్చిలో మిడిల్‌వేర్‌ని దాటేసి లోపలికి పోయే లోపం బయటపడింది, ఒక హెడర్ చేర్చి పంపితే చాలు. డిసెంబర్‌లో నెక్స్ట్‌కి ఆధారమైన రియాక్ట్ (స్క్రీన్లు కట్టే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) సర్వర్ కాంపొనెంట్స్‌లో అయితే తీవ్రత పదికి పది వేసిన లోపం వచ్చింది. లోపాలు ఎవరికైనా వస్తాయి. ఏ వెర్షన్‌కి ఎన్నాళ్ళు ప్యాచ్ ఇస్తారన్నది రాతపూర్వకంగా ఉందా లేదా అన్నదే నేను చూసేది.

అక్కడ జాంగో నాకు బాగా నచ్చుతుంది. సుమారు ఎనిమిది నెలలకి ఒక కొత్త వెర్షన్, రెండేళ్ళకి ఒక ఎల్‌టీఎస్ (ఎక్కువ కాలం సపోర్టుండే వెర్షన్), ఆ ఎల్‌టీఎస్‌కి మూడేళ్ళు సెక్యూరిటీ ప్యాచులు. మేం 3.2తో మొదలుపెట్టి, 4.2కి వెళ్ళి, ఇప్పుడు 5.2లో ఉన్నాం, దీనికి 2028 ఏప్రిల్ దాకా సపోర్టుంది. మధ్య వెర్షన్లని ముట్టుకోలేదు. మేనేజర్‌కి ఈ ఒక్క ముక్క చూపిస్తే చాలు, రెండేళ్ళకి రెండు వారాలు అప్‌గ్రేడ్‌కి పక్కన పెట్టండి అని ముందే అడిగి తీసుకోవచ్చు. లారావెల్‌కి ఏడాదికో పెద్ద వెర్షన్, రెండేళ్ళు సెక్యూరిటీ సపోర్టు. బ్రౌజర్ వైపు వాడే యాంగులర్‌కి ఆరు నెలలకో పెద్ద వెర్షన్, ఒక్కోదానికి 18 నెలలు. ఫ్రేమ్‌వర్క్ పాత వాడకందారులని ఎలా చూసుకుందో చరిత్ర కూడా చదవండి. యాంగులర్‌జేఎస్ వాడినవాళ్ళకి 2016లో యాంగులర్ 2 వచ్చినప్పుడు అది అప్‌గ్రేడ్ కాదు, మొత్తం తిరగరాత, పాతదానికి 2021 డిసెంబర్ 31తో సపోర్టు ఆగిపోయింది. వ్యూ 2 (Vue, ఇదీ బ్రౌజర్ వైపుదే) వాడినవాళ్ళకి 2023 ఆఖరుతో అదే పరిస్థితి. అక్కడ చిక్కుకున్న మిత్రులని అడగండి, నాలుగు బూతులు ఎక్కువే చెప్తారు.

సరే, మా అప్‌గ్రేడ్ మాత్రం పువ్వుల్లో పెట్టి జరిగిందా అంటే లేదు. 3.2 నుంచి 4.2కి వెళ్ళేటప్పుడు డెప్రికేషన్ వార్నింగులన్నీ (ఇది త్వరలో తీసేస్తాం అనే హెచ్చరికలు) ఆన్ చేసి టెస్టులు నడిపాం, ఒక్కోటీ సరిచేశాం, అన్నీ పాసయ్యాయి, శనివారం రాత్రి లైవ్‌లో పెట్టాం. పది నిమిషాలకి ఫోను. "అన్నా, ఏ ఫారం నొక్కినా 403 అంటోంది." పేజీలన్నీ తెరుచుకుంటున్నాయి, లిస్టులు కనపడుతున్నాయి, ఏదైనా సేవ్ చేయబోతే తిరస్కరిస్తోంది. నలభై నిమిషాలు లాగ్ ఫైళ్ళు తిరగేశాక తెలిసింది ఏంటంటే, 4.0 నుంచి బ్రౌజర్ పంపే ఆరిజిన్ హెడర్‌ని (రిక్వెస్ట్ ఏ సైట్ నుంచి బయల్దేరిందో చెప్పేది) జాంగో సరిచూస్తుంది. మాకు హెచ్‌టీటీపీఎస్ అంతా ముందున్న ప్రాక్సీ (బయటి రిక్వెస్టులు అందుకుని లోపలికి పంపే సర్వర్) దగ్గరే ఆగిపోతుంది, లోపల జాంగోకి కనపడేది మామూలు హెచ్‌టీటీపీ. బ్రౌజర్ ఒకటి చెప్తోంది, సర్వర్ తను ఇంకోటి అనుకుంటోంది, రెండూ కలవట్లేదు, కాబట్టి పొమ్మంటోంది. నమ్మదగిన ఆరిజిన్ల సెట్టింగ్‌లో పూర్తి చిరునామా, ముందు హెచ్‌టీటీపీఎస్‌తో సహా రాస్తే అయిపోయింది. రిలీజ్ నోట్స్‌లో ఇదంతా రాసే ఉంది, మేమే పైపైన చదివాం. టెస్టులు ఎందుకు పట్టుకోలేదు? జాంగో టెస్ట్ క్లయింట్ మామూలుగా సీఎస్‌ఆర్‌ఎఫ్ తనిఖీనే చేయదు, అడిగితే తప్ప. ఇప్పుడు మా దగ్గర స్టేజింగ్‌లో (లైవ్‌కి ముందు సరిచూసుకునే కాపీలో) నిజమైన బ్రౌజర్‌తో ఒక ఫారం నింపి సేవ్ చేసే టెస్టు ఒకటుంది.

ఇప్పుడు ఆ పోయిన ఒక్క మార్కు.

యూజర్ మోడల్. జాంగో ఒక రెడీమేడ్ యూజర్‌ని ఇస్తుంది, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, ఈమెయిల్ వగైరా. మేం అదే వాడేశాం, బాగానే ఉంది కదా అని. ఏడాదిన్నర తర్వాత యూజర్‌నేమ్ వద్దు, ఫోన్ నంబర్‌తో లాగిన్ కావాలన్నారు. అప్పటికి యూజర్ టేబుల్‌ని పట్టుకుని ముప్పైకి పైగా ఫారిన్ కీలు (వేరే టేబుళ్ళ నుంచి దీనికి లింకులు) వేలాడుతున్నాయి. ప్రాజెక్టు మధ్యలో యూజర్ మోడల్ మార్చడం చాలా కష్టమని, అందుకే కొత్త ప్రాజెక్టులో మొదటి మైగ్రేషన్‌కి ముందే సొంత యూజర్ క్లాస్ పెట్టుకోమని వాళ్ళ డాక్యుమెంటేషన్లోనే రాసి ఉంది. రాసి ఉంటే సరిపోతుందా? అంత ముఖ్యమైతే కొత్త ప్రాజెక్టు కమాండ్ కొట్టగానే ఆ నాలుగు లైన్లూ తనే రాసి ఇవ్వాలి కదా. మిగతా నిర్ణయాలన్నీ మా బదులు తీసుకునే పెద్దమనిషి సరిగ్గా ఈ ఒక్క దగ్గర మౌనంగా నిలబడ్డాడు. పాత టేబుల్ పేరునే కొత్త క్లాస్‌కి తగిలించి, మైగ్రేషన్ చరిత్రని చేత్తో సర్ది, డేటాబేస్ కాపీ మీద అయిదుసార్లు రిహార్సల్ వేసి, ఇద్దరం రెండు రాత్రులు కూర్చుంటే అయింది.

తర్వాతది ఓఆర్ఎం ఇచ్చే తీపి విషం. ఆర్డర్ల లిస్టు పేజీ, పేజీకి యాభై ఆర్డర్లు. ఒక్కో వరుసలో కస్టమర్ పేరు, చిరునామా, అందులోని వస్తువులు. టెంప్లేట్‌లో ఆర్డర్ చుక్క కస్టమర్ చుక్క పేరు అని రాస్తే చాలు, వచ్చేస్తుంది, ఎంత బాగుందో అనుకుంటాం. డీబగ్ టూల్‌బార్ పెట్టి చూస్తే ఆ ఒక్క పేజీకి 151 క్వెరీలు. లిస్టుకి ఒకటి, కస్టమర్లకి యాభై, చిరునామాలకి యాభై, వస్తువులకి యాభై. సెలెక్ట్ రిలేటెడ్‌తో కస్టమర్నీ చిరునామానీ జాయిన్ చేసి, ప్రీఫెచ్ రిలేటెడ్‌తో వస్తువులన్నీ ఒకేసారి తెప్పిస్తే రెండే క్వెరీలు. ఒక్క లైన్ మార్పు. ఆ లైన్ రాయాలని గుర్తు చేసేది మాత్రం ఎవరూ లేరు. మా దగ్గర ఇప్పుడు ప్రతి లిస్టు పేజీకి క్వెరీల సంఖ్య లెక్కపెట్టే టెస్టుంది, ఆ సౌకర్యం జాంగో టెస్టుల్లోనే ఉంది. కొత్తగా చేరినవాళ్ళకి మొదటి వారం చూపించే స్క్రీన్ ఆ టూల్‌బారే.

సిగ్నల్స్ (ఒకటి జరిగితే ఇంకో కోడ్‌ని దానంతటదే నడిపించే ఏర్పాటు) వాడకండి, అంటే మీ సొంత కోడ్ నుంచి మీ సొంత కోడ్‌కి కబురు పంపడానికి. ఆర్డర్ సేవ్ అయితే మెయిల్ వెళ్ళాలని సిగ్నల్ పెట్టాం. ఇంకెవరో రెండు వందల ఆర్డర్లని క్వెరీసెట్ అప్‌డేట్‌తో ఒకేసారి మార్చారు, ఒక్క మెయిల్ కూడా వెళ్ళలేదు, ఎందుకంటే అలా మారిస్తే సేవ్ పిలవదు, సిగ్నల్ రాదు. రోజంతా మెయిల్ సర్వర్‌ని అనుమానించాం పాపం. మామూలు ఫంక్షన్ రాసి పిలవండి, చదివేవాడికి కనపడుతుంది.

బ్యాక్‌గ్రౌండ్ పనుల విషయంలో లారావెల్ ముందుంది, ఒప్పుకుంటాను. అక్కడ క్యూ, షెడ్యూలర్ పెట్టెలోనే వస్తాయి. రైల్స్ 8లో (2024) కూడా సాలిడ్ క్యూ అని లోపలే పెట్టేశారు, డేటాబేస్ మీదే నడుస్తుంది. జాంగోలో మేం సెలరీ (బ్యాక్‌గ్రౌండ్ పనులు నడిపే టూల్) తెచ్చుకుని, దానికి రెడిస్ (ఆ పనుల వరుస ఉండే చోటు) తెచ్చుకుని, దాన్ని చూసుకోవడానికి ఇంకోటి తెచ్చుకున్నాం, రాత్రి రిపోర్టు మెయిల్ పంపడానికి! 6.0లో (2025 డిసెంబర్) టాస్క్స్ అని ఒక ఏర్పాటు వచ్చింది, కానీ పనిని వరుసలో పెట్టడమే దానిది, తీసి నడిపే వర్కర్ ఇప్పటికీ మనమే చూసుకోవాలి. అసింక్ (ఒక పని ముగిసేదాకా ఆగకుండా ఇంకోటి చూసుకోవడం) కూడా అంతే, వాయిదాల మీద వస్తోంది. వ్యూలు 3.1లో వచ్చాయి, ఓఆర్ఎంకి అసింక్ పద్ధతులు 4.1లో వచ్చాయి, ట్రాన్సాక్షన్లు మాత్రం 5.2లో కూడా అసింక్‌లో పనిచేయవు. మాకు అవసరం పడలేదు కాబట్టి మార్కులు కొయ్యలేదు, వేల కనెక్షన్లు తెరిచి పెట్టుకునే పని మీదైతే ముందు ఇదే చూసుకోండి.

పర్మిషన్లలో ఒక చిన్న చిరాకు. చేర్చడం, మార్చడం, తీసెయ్యడం, చూడటం, మోడల్‌కి ఈ నాలుగూ ఇస్తుంది, గ్రూపులిస్తుంది, బాగుంది. "వీళ్ళు ఆర్డర్లు చూడొచ్చు, కానీ తమ విభాగంవి మాత్రమే" అన్నది మాత్రం మనమే రాసుకోవాలి, దాదాపు ప్రతి ఆఫీసు సాఫ్ట్‌వేర్‌కీ అదేగా కావాల్సింది.

ఫ్రంటెండ్ గురించి జాంగో ఏమీ మాట్లాడదు. ఇది లోపమో సుగుణమో మా టీమ్‌లో ఇప్పటికీ తేలలేదు. జావాస్క్రిప్ట్ ఇద్దరూ మొదట్లో మొత్తం రియాక్ట్‌లో చేసి, జాంగోని ఏపీఐకే (పేజీలు కాక డేటా మాత్రం ఇవ్వడానికే) పరిమితం చేద్దామన్నారు. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు ఉంటుందన్నాన్నేను. ఫారాల వాలిడేషన్ రెండుసార్లు, లాగిన్ సంగతి రెండుసార్లు, రెండు డెప్లాయ్‌మెంట్లు, దేనికి, ఒక డ్రాప్‌డౌన్ మారితే ఇంకో డ్రాప్‌డౌన్ మారడానికా? చివరికి టెంప్లేట్లు, పేజీలో కొంత భాగం మాత్రమే మారాల్సిన చోట హెచ్‌టీఎంఎక్స్, పనుల్ని పట్టి లాగి పక్క కాలమ్‌లో వేసే ఒక్క బోర్డు స్క్రీన్‌కి రియాక్ట్. ఆ ఒక్క స్క్రీన్‌కి రియాక్టే సరైనది, దాని విషయంలో వాళ్ళిద్దరి మాటే నెగ్గింది, నెగ్గాల్సిందే. మిగతా అరవై స్క్రీన్లకి ఎవరూ దాన్ని అడగలేదు.

ఎవరికి వద్దంటానంటే: ఒక్కరే రాసి ఒక్కరే చూసుకునే చిన్న ఏపీఐకి ఇది బరువు, ఫ్లాస్క్ లేదా ఫాస్ట్ఏపీఐ తీసుకోండి. టీమ్ మొత్తానికి జావాస్క్రిప్టే వస్తే ఈ రివ్యూ చదివి పైథాన్ నేర్పించకండి, మీ భాషలోనే ఇలా మొండిగా నిర్ణయాలు తీసుకునేదాన్ని వెతుక్కోండి, నెస్ట్ లాంటివి ఉన్నాయి. ఇప్పటికే నడుస్తున్న సిస్టమ్‌ని కేవలం కొత్తది వచ్చిందని మార్చేవాళ్ళకి నా దగ్గర చెప్పడానికేమీ లేదు.

కొన్ని నెలల కిందట ఒక అమ్మాయి చేరింది, వేరే చోట రెండేళ్ళు జాంగోలో పనిచేసి వచ్చింది. సోమవారం పొద్దున కోడ్ ఇచ్చాం, మధ్యాహ్నానికి ఒక చిన్న బగ్ సరిచేసి పంపింది, ఏ ఫైల్ ఎక్కడుందని ఎవరినీ అడగలేదు. పాత ఎక్స్‌ప్రెస్ సిస్టమ్‌లో కొత్తవాళ్ళకి అదే స్థాయి రావడానికి మూడు వారాలు పట్టేది, అందులో ఒక వారం ఆ మూడు ఫోల్డర్ల చరిత్ర చెప్పడానికే సరిపోయేది.

మొన్న ఇంకో కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టాం, ఈసారి చర్చే జరగలేదు, మళ్ళీ జాంగోనే. నాతో పాటు ఆ రెండు రాత్రులు కూర్చున్నతనే రిపాజిటరీ తయారు చేశాడు. మొదటి కమిట్ తెరిచి చూస్తే ఇంకేమీ లేదు, సొంత యూజర్ క్లాస్ ఒక్కటే, నాలుగు లైన్లు. పైన ఒక కామెంట్: "దీన్ని ఎవరూ తీసెయ్యకండి. ఎందుకని అడిగితే రెండు రాత్రులు పడుతుంది చెప్పడానికి."